హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్ సీళ్లు: సిలికోన్ వదిలి ఈపీడీఎంకు మారితే మన్నిక పెరుగుతుందా?

అంబత్తూరు_మోల్డింగ్:

సభ్యులందరికీ నమస్కారం. అంబత్తూరు పారిశ్రామికవాడలో మాకు చిన్న రబ్బరు మోల్డింగ్ యూనిట్ ఉంది. ఇన్నాళ్లూ పంపులకూ వాల్వులకూ ఓ-రింగులు, డయాఫ్రమ్‌లు చేసి ఇస్తూ వచ్చిన మాకు, పీఈఎం ఫ్యూయల్ సెల్ (ప్రోటాన్లను పోనిచ్చే పలుచని పొర, అంటే మెంబ్రేన్, సాయంతో హైడ్రోజన్ నుంచి విద్యుత్తు పుట్టించే సెల్) స్టాకులు, అంటే అటువంటి సెల్‌ల దొంతరలు, కూర్చే ఒక సంస్థ నుంచి గాస్కెట్ల (సెల్ ప్లేట్ల మధ్య లీకు ఆపే రబ్బరు సీళ్ల) పని వచ్చింది. వారి డ్రాయింగు ప్రకారం 50 షోర్ ఏ (రబ్బరు గట్టిదనపు కొలమానం) కాఠిన్యం గల లిక్విడ్ సిలికోన్‌తో, 0.8 మి.మీ. ఎత్తు బీడ్‌తో (ప్లేటుకు నొక్కుకుని లీకు ఆపే ఉబ్బెత్తు గీతతో) చేసి ఇచ్చాము. స్టాక్ కూర్చినప్పుడు లీకు పరీక్షలో అన్నీ నెగ్గాయి.

కొన్ని నెలలు నడిచాక ఇబ్బంది మొదలైంది. 75 డిగ్రీల వద్ద లోడు మీద ఉన్నంతసేపు అంతా బాగానే ఉంటోందట. రాత్రి ఆపి, ఉదయం చల్లగా ఉన్నప్పుడు గ్యాసు ఎక్కిస్తే మాత్రం పీడనం నిలవడం లేదట. విప్పి పంపిన గాస్కెట్లను చూశాను. బీడ్ చదునైపోయింది, మెంబ్రేన్ వైపు అంచున తెల్లని పొడి తేలి ఉంది, కూలెంట్ వైపు అంచు మాత్రం దాదాపు కొత్తదానిలాగే ఉంది. ఇప్పుడు వారు ఈపీడీఎం అనే మరో కృత్రిమ రబ్బరుకు మారదామంటున్నారు. అచ్చులోంచి తీసి చల్లారాక రెండు పదార్థాలు కుంచించుకునే కొలత వేరు గనుక అచ్చులన్నీ మళ్లీ చేయించాలి. ఆ ఖర్చు పెట్టే ముందు, మారితే నిజంగా మన్నిక పెరుగుతుందా, లేక అదే కథ మరో రంగులో మళ్లీ జరుగుతుందా అన్నది తెలుసుకోవాలని అడుగుతున్నాను.

తరమణి_ఎలక్ట్రోకెమ్:

మీరు రాసిన వాటిలో అన్నిటికంటే విలువైన సమాచారం, మెంబ్రేన్ వైపు అంచు పాడై కూలెంట్ వైపు అంచు బాగుండటం. ఒకే గాస్కెట్, ఒకే ఉష్ణోగ్రత, ఒకే ఒత్తిడి. తేడా అల్లా ఏ ద్రవం తగులుతోందన్నదే. పీఈఎం సెల్‌లోని మెంబ్రేన్ సల్ఫోనిక్ ఆమ్ల గుంపులున్న ఫ్లోరినేటెడ్ పాలిమర్. దాన్ని తాకుతూ ఉండే నీరు ఆమ్ల స్వభావం కలిగి ఉంటుంది. పైగా సెల్ నడుస్తున్నప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్, దాని నుంచి రాడికల్స్ (చురుగ్గా దాడి చేసే అణువుల ముక్కలు) పుట్టి మెంబ్రేన్‌ను కొద్దికొద్దిగా కొరుకుతాయి. ఆ క్రమంలో ఫ్లోరైడ్ విడుదలవుతుంది. అంటే మీ గాస్కెట్ అంచు వెచ్చని, తేమ నిండిన, స్వల్పంగా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కలిసిన వాతావరణంలో వేల గంటలు ఉంటోంది.

సిలికోన్ వెన్నెముక సిలికాన్-ఆక్సిజన్ బంధాల గొలుసు. పొడి వేడికి అది చక్కగా తట్టుకుంటుంది, ఓవెన్ గాస్కెట్లుగా దానికి ఉన్న పేరు అందుకే. కాని ఆమ్లం, నీరు కలిసినప్పుడు ఆ బంధాలే జలవిశ్లేషణకు లోనై తెగుతాయి. ముందు ఉపరితలం గరుకుబారుతుంది, తర్వాత సన్నని పగుళ్లు వస్తాయి, ఆ తర్వాత బలం కోసం రబ్బరులో కలిపిన ఫిల్లర్ బయటపడి పొడిలా రాలుతుంది. మీరు చూసిన తెలుపు అదే అయి ఉండటానికి ఎక్కువ అవకాశం ఉంది.

సీలు పాడవడంతో కథ ముగియదు. తెగిన సిలికోన్ ముక్కలు నీటితో కదిలి ఎలక్ట్రోడ్ మీద పేరుకుంటాయి. నడిచిన సెల్‌లను విప్పి చూసినప్పుడు ఉత్ప్రేరకంగా ఉండే ప్లాటినం పొర మీద సిలికాన్ కనబడిన సందర్భాలు పరిశోధన పత్రాల్లో చాలా ఉన్నాయి. కాబట్టి మీ వినియోగదారుడు లీకుతో పాటు వోల్టేజీ తరుగుదలను కూడా గమనిస్తున్నారేమో అడగండి. మరొక్క మాట: సిలికోన్ గుండా హైడ్రోజన్ చొరబడే వేగం ఈపీడీఎం గుండా చొరబడే వేగానికి పది రెట్లకు పైగా ఉంటుంది. ఇది లీకు కాదు, పదార్థపు స్వభావం. కొత్త గాస్కెట్‌లోనూ ఉంటుంది.

పాత_రబ్బరోడు:

ఆమ్లం గురించి అమ్మాయి గారు చెప్పినది సరైనదే. కాని బీడ్ చదునైపోవడమూ, అంచు పొడిబారడమూ రెండు వేర్వేరు జబ్బులు. రెండింటినీ ఒకే మాత్రతో కుదర్చాలని చూస్తే డబ్బు పోతుంది, జబ్బు ఉంటుంది. అంబత్తూరు గారూ, రెండు విషయాలు చెప్పండి. మోల్డింగ్ తర్వాత పోస్ట్ క్యూర్ (ఓవెన్‌లో మళ్లీ వేడి చేసి క్యూర్‌ను, అంటే రబ్బరు గొలుసులు ఒకదానికొకటి ముడిపడటాన్ని, పూర్తి చేయడం) చేశారా? స్టాక్ బిగించాక బీడ్ మీద పడే నొక్కు ఎంత శాతం?

అంబత్తూరు_మోల్డింగ్:

పోస్ట్ క్యూర్ 200 డిగ్రీల వద్ద 4 గంటలు చేశాము, గాలి ఆడే ఓవెన్‌లోనే. నొక్కు సంగతి డ్రాయింగులో లేదు. అడిగితే, గ్యాస్ డిఫ్యూజన్ లేయరు (గ్యాసును ఎలక్ట్రోడ్ అంతటా పరిచే పొర) సరిగా నొక్కుకునే దాకా టై రాడ్లు (స్టాక్‌ను కలిపి బిగించే కడ్డీలు) బిగిస్తామనీ, ఆ లెక్కన బీడ్ 35 నుంచి 40 శాతం నొక్కుకుంటుందనీ చెప్పారు.

పాత_రబ్బరోడు:

అదీ సంగతి. సాధారణంగా ఇటువంటి బీడ్‌కు 25 శాతం అటూ ఇటూ ఉంచుతాము. 40 శాతం నొక్కిన రబ్బరు గాడి గోడలను తాకి, ఇక పోవడానికి చోటు లేక లోలోపల చిరుగుతుంది. రబ్బరు నొక్కుకుంటుంది గాని కుంచించుకుపోదు. దాని ఘనపరిమాణం మారదు. గాడిలో దానికి జాగా వదలకపోతే మీరు దేవలోకం నుంచి పాలిమర్ తెచ్చి పోసినా ప్రయోజనం ఉండదు.

ఇక ఈపీడీఎం విషయం. ఈపీడీఎం అన్న పేరు సాంబారు అన్న పేరు వంటిది. ఇంటింటికీ దినుసులు వేరు. కారు తలుపు చుట్టూ వేసే పట్టీ ఈపీడీఎమే, రేడియేటర్ గొట్టమూ ఈపీడీఎమే. ఆ రెండింటి కాంపౌండూ ఫ్యూయల్ సెల్‌కు పనికిరాదు. గంధకంతో క్యూర్ చేసిన కాంపౌండును దగ్గరికి రానీయవద్దు, ఎందుకంటే గంధకం ప్లాటినానికి విషం. పైగా గంధకపు బంధాలు వేడికి తెగి మళ్లీ అతుక్కుంటాయి గనుక కంప్రెషన్ సెట్ (నొక్కు తీసేశాక కూడా తిరిగి లేవకుండా మిగిలిపోయే చదును) కూడా ఎక్కువ. పెరాక్సైడ్ క్యూరింగే కావాలి. దానికి ట్రైఅల్లైల్ ఐసోసయనురేట్ వంటి కోఏజెంట్ (క్యూరింగ్‌కు తోడుపడే పదార్థం) జోడిస్తే వల బిగువుగా అల్లుకుని సెట్ తగ్గుతుంది. పారఫినిక్ నూనె ఎంత తక్కువ వేస్తే అంత మంచిది, ఎందుకంటే ఆ నూనె కాలక్రమాన బయటికి వచ్చి డిఫ్యూజన్ లేయరు మీద పొరలా పడుతుంది, నూనె పోయిన సీలు కుంచించుకుపోతుంది. జింక్ ఆక్సైడును అలవాటు కొద్దీ అయిదు పాళ్లు వేసే వారుంటారు. జింక్ అయాన్లు మెంబ్రేన్‌లోకి చేరి ప్రోటాన్ల దారికి అడ్డుపడతాయి గనుక దాన్ని కూడా ప్రశ్నించాల్సిందే. నల్లదనం కోసం వేసే కార్బన్ బ్లాక్ మోతాదు మించితే రబ్బరు విద్యుత్తును పోనిస్తుంది. రెండు ప్లేట్ల మధ్య కూర్చునే వస్తువుకు అది ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

యాంటీఆక్సిడెంట్ దగ్గర కూడా జాగ్రత్త అవసరం. అది రాడికల్స్‌ను తినేస్తుంది; పెరాక్సైడ్ పని చేసేదే రాడికల్స్‌తో. ఎక్కువ వేస్తే క్యూర్ చెడుతుంది, అసలు వేయకపోతే ముసలితనం త్వరగా వస్తుంది.

ఒక హెచ్చరిక. మీ యూనిట్‌లో గంధకపు కాంపౌండ్లు నడిచే మిల్లు, ప్రెస్సు ఉంటే, ప్లాటినంతో క్యూరయ్యే లిక్విడ్ సిలికోన్‌ను ఆ దరిదాపుల్లో పెట్టకండి. గంధకం ఆవిరి తగిలినా, అమీన్లు తగిలినా అది సరిగా క్యూరవదు. ఆ గాస్కెట్లు ముట్టుకుంటే బాగానే ఉంటాయి, సెట్ మాత్రం ఘోరంగా వస్తుంది.

ఒరగడం_టెస్ట్‌బెంచ్:

నేను వాహనాల పరీక్షల విభాగంలో పని చేస్తాను. రసాయనం గురించి పెద్దలు చెప్పారు కనుక, ఉదయం పూటే లీకు ఎందుకు వస్తోందన్నదాన్ని లెక్కతో చూపిస్తాను.

0.8 మి.మీ. బీడ్‌ను 25 శాతం నొక్కితే నొక్కు 0.2 మి.మీ., అంటే 200 మైక్రాన్లు. కాలక్రమాన కంప్రెషన్ సెట్ 70 శాతానికి చేరిందనుకుందాం. అప్పుడు రబ్బరులో తిరిగి లేచే శక్తి 60 మైక్రాన్ల మేరకే మిగిలింది. రబ్బరు ఉష్ణవ్యాకోచం డిగ్రీకి సుమారు పది లక్షల్లో 200 వంతులు. ఉక్కుకు అది 12 నుంచి 17 మాత్రమే. 75 డిగ్రీల నుంచి 25 డిగ్రీలకు చల్లారినప్పుడు ఆ బీడ్ ఎత్తు ఒక శాతం, అంటే 8 మైక్రాన్లు తగ్గుతుంది. గాడిలో పక్కలకు కదలలేని చోట ఆ తగ్గుదలంతా ఎత్తులోనే పడి దాదాపు మూడింతల దాకా పోవచ్చు. కొత్త గాస్కెట్‌కు 200లో 24 పోయినా లెక్కలోనిది కాదు. ముసలి గాస్కెట్‌కు 60లో 24 పోతే, ఆ మిగిలినది ప్లేటు వంకరనూ గాడి లోతులోని తేడాలనూ పూడ్చడానికి చాలదు. వేడిగా ఉన్నప్పుడు రబ్బరు ఉబ్బి తన తప్పును తానే కప్పుకుంటుంది. అందుకే లోడు మీద లీకు కనబడదు. చెన్నైలోనే ఇలా ఉంటే, అదే స్టాకును లద్దాఖ్‌కు పంపిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. లేహ్‌లో ఎన్‌టీపీసీ ఫ్యూయల్ సెల్ బస్సుల ప్రాజెక్టు 3,500 మీటర్లకు పైన ఉన్నది; అక్కడి చలికాలపు రాత్రి సున్నాకు బాగా దిగువ.

కాబట్టి కంప్రెషన్ సెట్ ఒక్కదాన్ని చూసి నిర్ణయం తీసుకోవద్దని నా మనవి. ఏఎస్‌టీఎం డి395 ప్రకారం కొలిచే సెట్, నొక్కు తీసేశాక రబ్బరు ఎంత లేచిందో చెబుతుంది. సీలుకు కావాల్సింది నొక్కులో ఉండగా అది తిరిగి తోసే బలం. దాన్ని కొలిచేది స్ట్రెస్ రిలాక్సేషన్ పరీక్ష, ఐఎస్ఓ 3384 ప్రకారం. అందులోనూ వేడి మీద కొలిచిన బలాన్ని మాత్రమే కాక, మధ్యమధ్య గది ఉష్ణోగ్రతకు, వీలైతే ఇంకా కిందికి దింపి కొలిచిన బలాన్ని అడగండి.

ఇంకొక సందేహం నివృత్తి చేసుకోండి. వారు లీకు పరీక్షను పీడనం తగ్గుదలతో చేస్తున్నారా? మూసిన గదిలో 1 బార్ గేజి, అంటే సుమారు 2 బార్ నిరపేక్ష పీడనం వద్ద, గ్యాసు ఒక్క డిగ్రీ చల్లబడితే చాలు, లీకు లేకుండానే పీడనం 6 నుంచి 7 మిల్లీబార్లు తగ్గుతుంది. ఏసీ ఆగి ఆగి నడిచే గదిలో, ఇంకా పూర్తిగా చల్లారని స్టాక్ మీద చేసిన పరీక్ష మంచి గాస్కెట్‌ను కూడా దోషిగా నిలబెడుతుంది. ఉష్ణోగ్రత స్థిరపడేదాకా ఆగి కొలవమనండి, లేదా హీలియంతో వెతకమనండి.

గిండీ_ఎంటెక్:

నేను ఎంటెక్ విద్యార్థినిని, ఈ చర్చ నాకు చాలా ఉపయోగపడుతోంది. ఒక ప్రశ్న. అమెరికా ఇంధన శాఖ భారీ ట్రక్కుల ఫ్యూయల్ సెల్‌కు 2030 లక్ష్యంగా 25,000 గంటలు పెట్టింది. అన్ని గంటలు ఎవరూ పరీక్షించలేరు. 80 డిగ్రీల బదులు 120 డిగ్రీల వద్ద పరీక్షిస్తే, ప్రతి పది డిగ్రీలకూ వేగం రెట్టింపు అన్న సూత్రం ప్రకారం 16 రెట్లు త్వరగా ముసలిదవుతుంది కదా? అంటే 1,560 గంటలు, దాదాపు 65 రోజులు చాలు. ఈ లెక్కను నమ్మవచ్చా?

తరమణి_ఎలక్ట్రోకెమ్:

లెక్క తప్పు కాదు, దాని అడుగున ఉన్న ఊహను చూడాలి. పది డిగ్రీలకు రెట్టింపు అన్నది, ఈ ఉష్ణోగ్రతల మధ్య, యాక్టివేషన్ శక్తి (రసాయన చర్య జరగడానికి దాటాల్సిన శక్తి గడప) మోల్‌కు సుమారు 80 కిలోజౌళ్లు అని అనుకోవడంతో సమానం. అది నిజంగా 60 అయితే వేగం 8 రెట్లే పెరుగుతుంది, 100 అయితే 32 రెట్లు పెరుగుతుంది. అంటే మీ 65 రోజుల పరీక్ష నెగ్గిన గాస్కెట్ నిజ జీవితం 12,500 గంటలూ కావచ్చు, 50,000 గంటలూ కావచ్చు. మొదటిది ఓటమి, రెండవది అవసరానికి రెట్టింపు. కనీసం మూడు ఉష్ణోగ్రతల వద్ద పరీక్షించి, ఆ శక్తిని మీ కాంపౌండుకే విడిగా కనుక్కోవాలి. పుస్తకంలోని అంకె అరువు తెచ్చుకోకూడదు.

పైగా నీరు ఉన్న పరీక్షలో 120 డిగ్రీలకు వెళ్లాలంటే పీడన పాత్ర కావాలి. పొడి గాలిలో 120 డిగ్రీలు పెడితే సిలికోన్ బ్రహ్మాండంగా నెగ్గుతుంది. ఈ చర్చ మొదలైనదే అది తడిలో ఓడిపోయినందుకు.

పాత_రబ్బరోడు:

అమ్మా, ఇంకొకటి కలుపుకో. ప్రామాణిక కంప్రెషన్ సెట్ నమూనా 12.5 మి.మీ. మందం గల బిళ్ల. వేడి బాగా పెంచితే ఆక్సిజన్ లోపలికి వెళ్లే లోపే పైపొర దాన్ని తినేస్తుంది. పైన గట్టిపడి లోపల లేతగా ఉంటుంది. ఆ బిళ్ల ఇచ్చిన అంకెను తెచ్చి, ఒక మిల్లీమీటరు కూడా లేని బీడ్‌కు అంటగడితే ఎలా? ఆ బీడ్ మొత్తం పైపొరే. అసలు గాస్కెట్ నుంచే, అదే మందంతో నమూనా కోసి, అసలు గాడి వంటి బిగింపులో పెట్టి పరీక్షించాలి. రబ్బరు, ప్లాస్టిక్ పరీక్షల సదుపాయాలు మన గిండీలోని సీపెట్‌లోనూ, క్రోంపేట ఎంఐటీ ప్రాంగణంలోని రబ్బరు, ప్లాస్టిక్ టెక్నాలజీ విభాగంలోనూ విచారించవచ్చు. తరమణిలో ఐఐటీ రీసెర్చ్ పార్క్‌లో ఏఆర్‌సీఐ వారి ఫ్యూయల్ సెల్ కేంద్రం ఉండనే ఉంది. స్టాక్ వైపు ప్రశ్నలకు వెతుక్కుంటూ దూరం పోనక్కరలేదు.

అంబత్తూరు_మోల్డింగ్:

అందరికీ కృతజ్ఞతలు. వినియోగదారుడితో మాట్లాడాను. వోల్టేజీ కూడా తగ్గుతున్న మాట నిజమేనని ఒప్పుకున్నారు. ఎఫ్‌కేఎం (ఫ్లోరిన్ ఉన్న రబ్బరు) వాడితే ఆమ్లం బెడద పూర్తిగా పోతుంది కదా అని వారి ఇంజినీరు అడుగుతున్నారు. మరి పాలీఐసోబ్యుటిలీన్ అనే రబ్బరు గురించి కూడా విన్నానంటున్నారు.

పాత_రబ్బరోడు:

ఎఫ్‌కేఎం ఆమ్లానికి గట్టిది, ధర కూడా గట్టిదే. సాంద్రత ఈపీడీఎంకు రెట్టింపు దరిదాపుల్లో ఉంటుంది గనుక కిలో ధరే కాక, గాస్కెట్‌కు పట్టే కిలోలు కూడా లెక్క వేసుకోండి. బిస్‌ఫినాల్ క్యూరింగ్ అయితే అందులో మెగ్నీషియం ఆక్సైడ్, కాల్షియం హైడ్రాక్సైడ్ వేస్తారు. ఆ అయాన్లు బయటికి వచ్చి మెంబ్రేన్‌లో చేరతాయి. మామూలు గ్రేడులు మైనస్ 20 దగ్గరికే గాజులా బిగుసుకుంటాయి. చెన్నై, బెంగళూరులకు పరవాలేదు. లేహ్ అంటే కుదరదు.

తరమణి_ఎలక్ట్రోకెమ్:

పాలీఐసోబ్యుటిలీన్ గుండా గ్యాసు చొరబడటం ఈ రబ్బర్లన్నిటిలోకీ తక్కువ, ఆమ్లానికి కూడా బాగా నిలుస్తుంది. ప్లేటు మీదే పూసి అతినీలలోహిత కాంతితో క్యూర్ చేసే రకాలు వచ్చాయి. కాని మీ దగ్గర ఉన్నవి మోల్డింగ్ ప్రెస్సులు. అది వేరే యంత్రాలు, వేరే పని. ప్రస్తుతానికి పెరాక్సైడ్ ఈపీడీఎం మీ చేతికి అందే మేలైన దారి అని నా అభిప్రాయం.

ఒరగడం_టెస్ట్‌బెంచ్:

నాకు ఇక్కడ కొంత భేదాభిప్రాయం ఉంది. పదార్థం మారిస్తే సగం పనే అవుతుంది. రెండవ తరం టొయోటా మిరాయ్ స్టాక్‌లో 330 సెల్‌లు ఉన్నాయి. ఒక్కో సెల్ సీలు విఫలమయ్యే అవకాశం పదివేలలో ఒకటి అనుకున్నా, 330 సెల్‌ల స్టాక్ లీకయ్యే అవకాశం మూడు శాతం దాటుతుంది. ఆ ఒక్కటి సాధారణంగా ఎక్కడ వస్తుంది? గాడి లోతు డ్రాయింగు కంటే 50 మైక్రాన్లు ఎక్కువైన ప్లేటు దగ్గర, లేదా గాడి మూల తిరిగే చోట. 200 మైక్రాన్ల నొక్కులో 50 మైక్రాన్ల తేడా అంటే పావు వంతు. అందుకని ఈపీడీఎంకు మారే ముందు, ప్లేట్ల గాడి లోతు కొలతలు తెప్పించుకోండి. బిగింపు ఎక్కడ ఆగాలో చెప్పే గట్టి ఆధారం, అంటే ప్లేటు ప్లేటుకు తగిలి ఆగే మెట్టు, డిజైన్‌లో ఉందో లేదో చూడండి. అది లేక డిఫ్యూజన్ లేయరు మీద భారం వేసి బిగించినంత కాలం, నొక్కు ఒక స్టాక్‌కు 25 శాతం, మరో స్టాక్‌కు 40 శాతం అవుతూనే ఉంటుంది. చివరి ప్లేట్ల దగ్గర డిస్క్ స్ప్రింగులు ఉంటే రిలాక్సేషన్‌ను కొంతవరకు అవి భరిస్తాయి.

పాత_రబ్బరోడు:

ఒరగడం బాబుతో పేచీ లేదు. గాడి సరిచేయకుండా పదార్థం మార్చవద్దనే నేనూ మొదట చెప్పాను. కాని గాడి ఎంత బాగున్నా ఆ తెల్లని పొడి ఆగదు, అది సిలికోన్ వాడినంత కాలం వస్తుంది. రెండూ చేయాలి.

అంబత్తూరు_మోల్డింగ్:

అయితే ఇలా ఆలోచిస్తున్నాను. ముందు వారి ప్లేట్ల గాడి లోతులు కొలిపించి, నొక్కు 25 శాతానికి వచ్చేలా బీడ్ ఎత్తు సరిచేయడం. తర్వాత నూనె లేని పెరాక్సైడ్ ఈపీడీఎం కాంపౌండు రెండు రకాలు కలిపించి, ఒకే కుహరం ఉన్న చిన్న అచ్చులో నమూనాలు తీసి, స్ట్రెస్ రిలాక్సేషన్‌కు మూడు ఉష్ణోగ్రతల వద్ద పంపడం. ద్రవం విషయంలో సలహా కావాలి. పరిశోధన పత్రాల్లో సల్ఫ్యూరిక్ ఆమ్లంలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కలిపి పరీక్షించారని చదివాను. ఆ ద్రావణాన్ని మా దగ్గరే కలపవచ్చా?

తరమణి_ఎలక్ట్రోకెమ్:

దయచేసి కలపవద్దు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మం మీద పడితే వెంటనే మంట కూడా తెలియకపోవచ్చు, లోపల కణజాలాన్నీ ఎముకనూ దెబ్బ తీస్తుంది. కాల్షియం గ్లూకొనేట్ జెల్, ఫ్యూమ్ హుడ్, శిక్షణ పొందిన మనుషులు ఉన్న ప్రయోగశాలలో మాత్రమే చేయవలసిన పని అది. మీ మొదటి వడపోతకు పీహెచ్ 3 దగ్గర ఉండే పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లం చాలు. నమూనాను నొక్కులో ఉంచే ముంచండి, వదులుగా కాదు. ఒత్తిడిలో ఉన్న రబ్బరు మీద ఆమ్లం ప్రభావం వేరుగా ఉంటుంది. నమూనాతో పాటు ఆ ద్రవాన్ని కూడా దాచి, అందులోకి ఏ లోహ అయాన్లు, ఎంత సేంద్రియ పదార్థం దిగాయో విశ్లేషణకు పంపండి. గాస్కెట్ చెక్కుచెదరకపోయినా ద్రవంలో జింక్ కనబడితే ఆ కాంపౌండు పనికిరాదు. కూలెంట్ వైపు కోసం గ్లైకాల్, నీరు కలిపిన ద్రవంలో మరో జత వేరుగా ఉంచండి.

గిండీ_ఎంటెక్:

ఈపీడీఎం గాస్కెట్లను తయారు చేశాక ఎంత కాలం నిల్వ ఉంచవచ్చు? మన ఊరి వేడికి అవి పెట్టెలోనే ముసలివి అవవా?

పాత_రబ్బరోడు:

నిల్వకు ఐఎస్ఓ 2230 ఉంది, చదువు. నిల్వ విషయంలో ఈపీడీఎం నిదానస్తురాలే. వెలుగు తగలని సంచిలో, చల్లని గదిలో, సాగదీయకుండా మడత పెట్టకుండా పరిచి ఉంచాలి. మోటార్లు, వెల్డింగ్ సెట్లు ఉన్న గదిలో ఓజోన్ పుడుతుంది గనుక అక్కడ ఏ రబ్బరునూ ఉంచకపోవడమే పద్ధతి. కొక్కేనికి తగిలించే అలవాటు మన షాపుల్లో ఉంది, అది మాన్పించాలి. తగిలించిన చోటే బీడ్ సన్నబడుతుంది.

అంబత్తూరు గారూ, కొత్త అచ్చుకు ఆర్డరు ఇచ్చే ముందు ఒక్క విషయం. పాత అచ్చులో పార్టింగ్ లైన్ (అచ్చు రెండు భాగాలు కలిసే గీత) ఎక్కడ ఉంది?

అంబత్తూరు_మోల్డింగ్:

బీడ్ శిఖరం మీదుగానే వెళ్తుంది. అలా అయితే అచ్చు కోత సులువని టూల్ రూమ్ వారు చెప్పారు.

పాత_రబ్బరోడు:

అలా వద్దు. ప్లేటును తాకేది ఆ శిఖరమే. అక్కడ ఫ్లాష్ (అచ్చు సందులోంచి పొంగిన పలుచని రబ్బరు) అంచు 20 మైక్రాన్లు మిగిలినా హైడ్రోజన్‌కు అది పొడవాటి కాలువ అవుతుంది. లైన్‌ను బీడ్ పాదం దగ్గరికి, గాడిలో దాగే వైపుకు దించమనండి. కోత కష్టమైతే అచ్చు ధర కొంత పెరుగుతుంది, పెరగనివ్వండి.

అంబత్తూరు_మోల్డింగ్:

అలాగేనండి. టూల్ రూమ్‌కు సవరించిన డ్రాయింగు ఈ వారమే పంపుతాను. మూడు ఉష్ణోగ్రతల ఫలితాలు రాగానే బలం తగ్గుదల గీతలను, ద్రవ విశ్లేషణను ఇదే చర్చలో పెడతాను.